రెక్కల్లేని కుటుంబం

“సారూ, ఆ పురుగుకి రెక్కలున్నాయి.”

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన అన్న మొదటి మాట అది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన దినపత్రిక ఉంది.

పురుగుల సారుకి చిర్రెత్తుకొచ్చింది.

మ్యూజియంలో కీటకాల శాఖకి ఆయనే అధికారి. ఇరవై రెండేళ్లుగా ఒడ్డుపురుగుల్నే నమ్ముకున్నాడు. నీళ్ల ఒడ్డున, తడిమట్టి మీద గెంతుతూ తిరిగే బియ్యపుగింజంత ప్రాణులవి. వాటిలో ఏది ఏ కుటుంబానికి చెందుతుందో, ఏ కుటుంబం ఎన్ని కోట్ల ఏళ్ల నాటిదో తేల్చడమే ఆయన పని.

“ఆరుకాళ్ల వాళ్ల కుటుంబాలన్నీ నోటికొచ్చు. సొంత పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో మాత్రం తెలీదు,” అనేది భార్య.

ఆ సంవత్సరం మ్యూజియంలో పాత పెట్టెలు సర్దుతుంటే ఆయనకి అరచేయంత రాతిపెచ్చు ఒకటి దొరికింది. దాని మీద పదికోట్ల ఏళ్ల నాటి ఒడ్డుపురుగు ముద్ర. కాళ్లున్నాయి, ముక్కుంది, ఉబ్బుకళ్లున్నాయి. రెక్కల జాడ లేదు.

రెక్కల్లేవంటే తెలిసిన కుటుంబాల్లో దేనిలోనూ ఇమడదు. అంటే కొత్త కుటుంబం! సారు నేల మీద నిలవలేదు. ఆ వార్త ఫొటోతో సహా పత్రికలో పడింది. దాన్ని పట్టుకునే ముసలాయన వచ్చాడు.

“రెక్కలున్నాయా? నువ్వు చూశావా తాతా?”

“చూశాను సారూ.”

“ఎప్పుడు?”

“నలభై ఏళ్లయిందండీ.”

“అది చచ్చి పదికోట్ల ఏళ్లయింది!”

పక్కబల్ల టైపిస్టు నవ్వాపుకోలేక మొహానికి ఫైలు అడ్డం పెట్టుకుంది.

ముసలాయన నొచ్చుకోలేదు. “మీరొక్కసారి లేచి పక్కకి జరిగితే...”

“నువ్వొస్తే నేను లేచి నిలబడాలా?”

“అది కాదండీ, ఆ కుర్చీ...”

“ఓహో, కుర్చీ కూడా కావాలా! వెళ్లు వెళ్లు.”

మరుసటి వారం మళ్లీ వచ్చాడు. సారు పనిలో ఉన్నారని వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. ముసలాయన సందర్శకుల పుస్తకంలో చిరునామా రాసి, ‘వచ్చిన పని’ అన్నచోట ‘పురుగు గురించి’ అని రాసి వెళ్లిపోయాడు.

మూడోసారి ఎలాగో లోపలికొచ్చాడు.

“వచ్చావా! ఈసారి రెక్కలు జేబులో వేసుకొచ్చావా తాతా?”

“జేబులో పట్టవండీ. కాస్త ఆ తివాచీ...”

“మొన్న కుర్చీ, ఇవాళ తివాచీ! ఇంకా నయం, నా ఉద్యోగం అడగలేదు.”

టైపిస్టు ఈసారి బాహాటంగానే నవ్వింది.

ముసలాయన కూడా నవ్వాడు. “మీకు తీరినప్పుడే చూడండి సారూ. అదెక్కడికీ పోదు,” అని చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

మూడు నెలలకి సారు వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయింది. ఆఫీసంతా గదిలో చేరి చప్పట్లు కొట్టారు. అభినందనల తోపులాటలో ఎవరి మోచెయ్యో తగిలి టీ కెటిల్ తివాచీ మీద బోర్లాపడింది.

మర్నాడు ఊడ్చే ఆయమ్మ బల్లా కుర్చీ జరిపి, తివాచీ తీసుకుపోయి నానబెట్టింది. తిరిగొచ్చి ఒక్క కేక పెట్టింది.

“సారూ! మీ పురుగు కింద పడిపోయింది!”

సారు పరుగున వెళ్లి బీరువా తెరిచి చూశాడు. పెచ్చు పెచ్చులాగే ఉంది, పురుగు పురుగులాగే ఉంది.

“నా పురుగు ఇక్కడే ఉంది కదమ్మా?”

“మరి నేల మీదున్నదెవరిదండీ? తీద్దామంటే గోటికి రావట్లేదు!”

సారు భూతద్దం పట్టుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు.

గచ్చురాతిలో లోతుగా అరచేయంత చోట పెచ్చు లేచిపోయి ఉంది. ఆ గుంట మధ్యలో పురుగు. అది వీపు వైపు. వీపు మీద రెక్కలు. రెక్కల చివర వరసగా నాలుగు గళ్లు. ఒడ్డుపురుగులకి ఆ గళ్లే ఇంటిపేరు.

బీరువాలోని పెచ్చు తెచ్చి అక్కడ పెట్టాడు. మూత పెట్టినట్టు అతుక్కుపోయింది.

ఇన్నాళ్లూ ఆయన చూసింది కడుపు వైపు. కొత్త కుటుంబమూ లేదు, గాడిదగుడ్డూ లేదు.

“లేవండి సారూ, నేల తడిగా ఉంది,” అంది ఆయమ్మ.

ఆయన లేవలేదు.

తర్వాత గేటు దగ్గరి పుస్తకం తిరగేసి, చిరునామా కాగితం మీద రాసుకుని బయల్దేరాడు. తప్పు దిద్దుతూ మరో వ్యాసం రాయాలి. అందులో తన పేరు కంటే ముందు ముసలాయన పేరుండాలి. అంతకంటే ముందు ఆయన కాళ్ల మీద పడాలి.

కుట్టుమిషను ఆపి ఒకామె తలుపు తీసింది. ముసలాయన కూతురట.

“నాన్నగారు పోయి నెల దాటిందండీ. మీరు పురుగుల సారా? కూర్చోండి.”

సారు కూర్చోలేకపోయాడు.

“ఆయన ఎక్కడ పనిచేసేవారమ్మా? ప్రొఫెసరా?”

“నాన్నా? గచ్చు మేస్త్రీ అండీ. మీ మ్యూజియం గచ్చంతా ఆయన పరిచిందే.”

“మరి ఆ పురుగు?”

“మీ గది అప్పట్లో నడవా అండీ. పలక పెచ్చు లేచి పురుగు బయటపడితే, ఆ పెచ్చు అప్పటి పెద్దసారుకిచ్చి, ‘కిందున్నదాన్ని జనం తొక్కేస్తారు, నేను ఒప్పుకోను’ అని మూడు రోజులు పని ఆపేసి దాని పక్కనే కూర్చున్నారట. ఆయన పోరు పడలేక పెద్దసారు దాని చుట్టూ నాలుగు గోడలు కట్టించి, కట్టిన గది ఖాళీగా ఎందుకని అందులో పురుగుల శాఖ పెట్టించారట.”