టెస్టు పాసయిన బ్రేకు

దసరా వెళ్లిన ఆదివారం, అమెరికాలో అరోరా ఊరి గుడి పార్కింగు. ట్రైలర్ మీద తెచ్చిన తన 1928 మోడల్ కారు చక్రాల కింద ఆదిశేషు అంకుల్ నిమ్మకాయలు పెడుతుంటే నాకు నవ్వాగలేదు. ముప్పై ఏళ్లు గుండె ఆపరేషన్లు చేసిన డాక్టరట!

కారు ఆగేది నేను తయారుచేసిన బ్రేకు లైనింగు వల్ల, నిమ్మకాయల వల్ల కాదు. ల్యాబ్‌లో ఆ కారు పాత బ్రేకు డ్రమ్ముల మీదే మూడొందల సార్లు ఆపి చూశాను. పొగలొచ్చినా పట్టు వదల్లేదు.

కారు నిమ్మకాయలు తొక్కుకుంటూ కదిలింది. అంకుల్ బ్రేకు తొక్కారు. ఆగలేదు. నేరుగా వెళ్లి గోడని గుద్దింది.

"నీ టెస్టు ఇంతేనా?" అన్నారాయన, నుదుటి మీద నెత్తురు తుడుచుకుంటూ.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే జాకీ వేసి డ్రమ్ము ఊడదీశాను. లైనింగు నిండా నూనె, కుంకుమ.

"చూడండి మీ భక్తి! బ్రేకుకి కూడా బొట్టు పెడతారా ఎవరైనా?"

"డ్రమ్ములు బిగించి ఇచ్చింది నువ్వేగా. వాటి లోపల ఎలా ఉంటుందో నేను చూడటం ఇదే మొదటిసారి."

దసరా రోజు ల్యాబ్‌లో, అమెరికన్లు చూస్తే నవ్వుతారని తలుపేసుకుని, టెస్టయిపోయిన లైనింగుకి నూనెలో కుంకుమ కలిపి బొట్లు పెట్టింది నేనే.