ప్రశ్నలు వేయని డిస్కు

మూడోసారి కూడా విండోస్ మళ్లీ మొదటికే వచ్చింది.

టెక్నీషియన్ తల పట్టుకున్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని తొందరబాబు అంటారు. ఊరికే అనరు. మూడు వారాలు కూర్చుని డిస్కు తయారుచేశాడు. పనిచేస్తుందో లేదో చూడటం మాత్రం ఇవాళే మొదలుపెట్టాడు.

మామూలు విండోస్ డిస్కు కంప్యూటర్లో పెడితే, రైల్లో ఎదురు సీటాయనలా ఆరా తీస్తుంది. పేరేమిటి, ఏ కంపెనీ, ఏ దేశం, టైమెంత. పక్కన ఒక మనిషి కూర్చుని అన్నిటికీ జవాబు కొట్టాలి. తొందరబాబు డిస్కులో జవాబులన్నీ ముందే ఒక ఫైలులో రాసి ఉన్నాయి. పెట్టి వదిలేస్తే చాలు, విండోస్ దానంతటదే ఎక్కుతుంది.

కనీసం మేనేజరుకు అతను చెప్పింది అదే.

"ఐదింటికి నా ముందే రెండు మెషీన్లకు వేసి చూపించు," అన్నాడు మేనేజరు పొద్దున్న. "ఒక్క ప్రశ్న కూడా అడక్కపోతే నీ ఉద్యోగం ఖాయం. అడిగిందా, నీ ట్రయలు ఇవాళ్టితో సరి."

డిస్కేమో సగం దాకా వెళ్లి, కంప్యూటరు ఆగి వెలిగాక, మళ్లీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెడుతోంది.

"రెండోసారి నొక్కకూడదు బాబూ."

తొందరబాబు వెనక్కి తిరిగాడు. మేనేజరు గది ముందు బల్ల మీద, ఒళ్లో చేతిసంచితో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. మేనేజరు కోసం అలా రోజుకు నలుగురు కూర్చుంటారు.

"ఏం నొక్కకూడదు?"

"ఏదో ఒక మీట నొక్కమంటుంది చూడండి. మొదటిసారే నొక్కాలి. ఆగి వెలిగాక మళ్లీ అడుగుతుంది. అప్పుడు నొక్కితే మళ్లీ మొదటికొస్తుంది."

"అడుగుతుంటే నొక్కకుండా ఎలా ఉంటామండీ?"

"అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పక్కర్లేదు బాబూ. ఇంట్లో నాకింకా అలవాటు కాలేదు గానీ, దీని దగ్గర అలవాటైంది. చేతులు జేబులో పెట్టుకోండి."

తొందరబాబు పెట్టుకున్నాడు. ఈసారి సాఫీగా ముందుకెళ్లింది. వెళ్లి, లైసెన్సు నంబరు అడిగి నిలబడింది.

ఫైలులో ఎనిమిది అంకె బదులు 'బి' అక్షరం కొట్టాడు. దిద్ది, ఇంకో డిస్కు రాశాడు. పాతది టీ కప్పు కిందికి చేరింది.

"ఇప్పుడు టైము అడుగుతుంది," అన్నాడు పెద్దమనిషి.

"అపశకునాలు పలక్కండి. మా డిస్కు అడగదు."

అడిగింది.

"మీరు జోస్యం చెబుతారా?"

"లేదు బాబూ. అక్కడ అడుగుతుంది, అంతే."

రెండో డిస్కు కూడా కప్పు కిందికి వెళ్లింది. తొందరబాబు భోజనం మానేశాడు. పెద్దమనిషి కూడా బల్ల మీంచి లేవలేదు. కాసేపటికి ఆ బల్లే కంప్యూటరు పక్కకు జరిగింది.

"మెషీనుకు పేరేం పెట్టారు?"

"మేనేజరుగారి పేరు. చూసి సంతోషిస్తారని."

"రెండిటికీనా?"

"డిస్కు ఒకటేగా మరి."

"ఒకే ఆఫీసులో ఇద్దరు మేనేజర్లుంటే ఏమవుతుంది బాబూ?"

తొందరబాబుకు వెంటనే అర్థమైంది. రెండో మెషీనుకు వైరు తగిలించగానే పేరు కోసం రెండూ పోట్లాడుకునేవి. ఏ మెషీను పేరు అదే పెట్టుకునేలా ఫైలు మార్చాడు. ఇప్పుడు మూడున్నర. ఇంకొక్క తప్పు దొర్లితే మళ్లీ రాసి చూసుకునే టైము లేదు.

"పెద్దాయనా, ఇది ఇంకేమేం అడుగుతుంది?" అన్నాడు. ఆ గొంతులో పొద్దున్నటి బింకం లేదు.

పెద్దమనిషి సంచి ఈ మోకాలి మీంచి ఆ మోకాలి మీదికి మార్చాడు. మేనేజరు గది తలుపు కేసి ఒకసారి చూశాడు. తర్వాత వేళ్లు మడిచి ఒక్కొక్కటే చెప్పాడు.

"నెట్‌వర్కు గురించి ఒకటుంది. భాష గురించి ఒకటి. అంతా అయిపోయిందనుకున్నాక, చివర్లో ఎవరు వాడతారని అడుగుతుంది. అందరూ బోర్లాపడేది అక్కడే. రాసుకోండి."

తొందరబాబు రాసుకుని, ఆ జవాబులూ ఫైలులో చేర్చి, రెండు డిస్కులు రాశాడు.

ఐదింటికి మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు డిస్కులు రెండు మెషీన్లలోకి వెళ్లాయి. మొదటి మీట నొక్కగానే తొందరబాబు చేతులు జేబుల్లోకి వెళ్లాయి. నలభై నిమిషాలు ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. కంప్యూటర్లు ఆగాయి, వెలిగాయి, చివరికి రెండు తెరలూ సిద్ధంగా నిలబడ్డాయి. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"ఖాయం," అన్నాడు మేనేజరు. పెద్దమనిషి వైపు తిరిగి, "మీరొకసారి లోపలికి రండి," అన్నాడు.

రెండు నిమిషాల్లో ఇద్దరూ బయటికొచ్చారు. పెద్దమనిషి పెన్ను జేబులో పెట్టుకుంటున్నాడు.

"డిస్కు బాగా వచ్చింది బాబూ. ఇక భోంచేయండి," అని సంచి తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆయన పేరైనా అడగలేదని తొందరబాబుకు అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గేసింది.

"ఎవరు సార్ ఆయన? ప్రతి ప్రశ్నా ముందే చెప్పేశారు. ఆయన లేకపోతే ఇవాళ నా పని అయిపోయేది."

"ఎందుకు చెప్పరు మరి," అన్నాడు మేనేజరు తెరల మీంచి చూపు తిప్పకుండా. "పన్నెండేళ్లుగా మన బ్రాంచీలన్నీ తిరిగి ఒక్కో మెషీను పక్కన కూర్చుని జవాబులు కొట్టింది ఆయనేగా, నీ డిస్కు ఫెయిలైతే ఆయన్నే ఉంచుతానని, పాసైతే రేపట్నుంచి రానక్కర్లేదని పొద్దున్నే చెప్పి ఆ బల్ల మీద కూర్చోబెట్టాను."