మీటర్లో కాఫీ కప్పు

చివరి రోజు నా భార్య స్వర్ణ కారులో నా పక్క సీట్లోనే ఉంది. విశాఖలో మా తోట కాఫీ గింజలు అమ్మి, ఘాట్ రోడ్డు మీదుగా అరకు వస్తున్నాం. నాకు కునుకు పట్టకుండా దారంతా కబుర్లు చెప్పడం ఆమె పని. అనంతగిరి దాటాక మాటలు ఆగాయి. నిద్రపోయిందనుకుని పాటలు ఆపేశాను. ఇంటి ముందు ఆపి లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

రేపు మళ్లీ గింజలతో విశాఖ వెళ్లాలి, ఒక్కణ్ణే. అందుకని ఈ సాయంత్రం ఆమె తమ్ముడు మంగరాజు వచ్చి, కారుకు తన లాప్‌టాప్ తగిలించాడు. వాడు కార్లకు ఎలక్ట్రికల్ పని చేస్తాడు.

“నిద్ర కనిపెట్టే ఏర్పాటు కంపెనీవోలు కారు లోపల పెట్టి మూసీసినారు బావా, నేను తెరిసీసినాను. నీకు నిద్రొత్తే మీటర్లో కాఫీ కప్పు బొమ్మ వత్తాది, బండాపి తాగమని.”

“కాఫీయా?”

“అవును, మనం పండిత్తాం గానీ తాగం గదా! అంబలి బొమ్మ పెట్టమంటావేటి?”

ఆమె పోయాక మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

“పక్క సీట్లో మనిషికి ఏటైనా అయితే సూపిత్తాదేటి?” అని అడిగాను.

మంగరాజు వైరు పీకి చుట్టాడు. చుట్టడం అయిపోయినా చేతులు ఆగలేదు.

“లేదు బావా. నడిపినోడికే.”

లాప్‌టాప్ మూసి, “రేపు నేనూ వత్తాను,” అన్నాడు.

రేపు ఉదయం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరతాను. దారిలో వాడి మాటలు ఆగిన ప్రతిసారీ కారు ఆపి, వాడి ముఖంలోకి చూస్తాను.