మోటారు పుస్తకం

"నడిమిట్ల మళ్ల ఆగింది పంతులమ్మా! ఇయ్యాల గూడ నడవకుంటే నా నౌకరి పోతది," అన్నాడు సత్తయ్య, హిమాయత్ సాగర్‌లో పడవను తెడ్డుతో ఒడ్డుకు చేరుస్తూ.

అతనికి ఇంగ్లీషు రాదు. పడవకు కొత్తగా బిగించిన మోటారుతో వచ్చిన పుస్తకాన్ని వారంగా నేనే చదివి చెబుతున్నాను. శంషాబాద్ బడికి వచ్చి ఏడాదైనా, నన్ను వెతుక్కుంటూ వచ్చింది అతనొక్కడే.

పుస్తకంలో ఉన్నట్టు అన్నీ చూశాం. పెట్రోలులో నీళ్లు లేవు. గొట్టం కూడా శుభ్రంగానే ఉంది.

"కితాబుల ఇంకేమన్న రాసిండ్రా? గీ మోటరు కంటే మా ఎద్దు నయం, మాటింటది."

నేను నవ్వలేకపోయాను. "టాంకీ మూత మీద గాలి కోసం ఒక మర ఉంటుంది. దాన్ని వదులు చేయాలి," అని చదివాను.

ఈసారి పడవ ఆగకుండా అవతలి గట్టు దాకా వెళ్లింది.

ఆ వాక్యం మొదటి పేజీలోనే ఉంది. రోజూ దాన్ని దాటేసి చదివేదాన్ని.