కాలికి ఎనభై గ్రాములు

"నీవెస్‌కే వెయ్యి బాబాయ్, నాకొద్దు," అంటూ ఎర్మన్నో పెట్టెని బల్ల అవతలికి తోశాడు.

"ఎర్మన్నో స్కీలకే వెయ్యండి," అంటూ నీవెస్ దాన్ని ఇవతలికి లాగింది.

తుల్లియో డ్రిల్లు చేత్తో పట్టుకుని మొగుడూ పెళ్ళాలని మార్చి మార్చి చూశాడు. ఆ పెట్టెలో ఉన్నవి బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగులు. రేసుల కోసం చేసినవి, దుకాణంలో మిగిలింది అదొక్క జతే. కొత్త సరుకు రెండు వారాల తర్వాత గానీ రాదు. స్కీలతో మంచుకొండ ఎక్కి దిగే జంటల రేసు చూస్తే ఎల్లుండే.

"తొందరగా తేల్చండి. ఒకరి బూటు కొలతకి స్కీలో రంధ్రాలు వేశాక, అయ్యో మాకు వద్దు, వాళ్ళకి మార్చు అంటే కుదరదు," అన్నాడు తుల్లియో.

ఎర్మన్నో పాత బైండింగు ఒకటి తీసి కాటా మీద పెట్టాడు. నూటతొంభై గ్రాములు. దాన్ని తీసి కొత్తది పెట్టాడు. నూటపది.

"చూశావా? కాలికి ఎనభై గ్రాములు. కనుమ దాకా కాలికి నాలుగు వేల అడుగులన్నా వెయ్యాలి. అంత బరువు ఈవిడ ఎందుకు మొయ్యాలి?"

తుల్లియో పెన్సిలు తీసుకుని గోడ మీదే గుణించాడు. "మూడు వందల ఇరవై కిలోలు. అంటే ఒక్కో కాలితో ఎదిగిన పెయ్యని ఒకదాన్ని కొండెక్కించినట్టు. నీవెస్, ఈసారికి మీ ఆయన మాట విను. జంటలో తేలిక సామాను ఎప్పుడూ సత్తువ తక్కువ వాళ్ళకే ఇస్తారు. ఈ లోయలో ఎవర్నడిగినా అదే చెబుతారు."

"నాకు తెలుసు బాబాయ్. ఆయన స్కీలకే వెయ్యండి."

"అది కాదు నీవెస్," అన్నాడు ఎర్మన్నో. ఆరడుగుల మనిషి, దుకాణం గుమ్మంలో తల వంచుకుని రావలసినవాడు. "నేను బరువు మనిషిని. దిగేటప్పుడు ఇది నా కింద విరిగితే? పైగా బ్రేకు కూడా లేదు. పడితే స్కీ ఊడి నేరుగా లోయలోకే పోతుంది."

"తాడుతో కాలికి కట్టుకుంటే పోదు. దిగడం సంగతి తర్వాత చూద్దాం. గేటు పైనుంది."

ఎర్మన్నో కొత్త బైండింగుని కాటా మీంచి తీసి పెట్టెలో పెట్టేశాడు.

"గేటంటే గుర్తొచ్చింది," అన్నాడు తుల్లియో. "పోయినేడు నిమిషన్నర ఆలస్యమయ్యారు. ఈసారీ తొమ్మిదిన్నర లోపల కనుమ దాటలేదా, ఇక ఈ రేసులో మిమ్మల్ని తీసుకోరు. వాచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడేది నేనే. నా వాచీకి చుట్టరికాలు తెలియవు. పోయినేడు ఈ పిల్లకి ఆయాసం వచ్చినట్టుంది, కదరా?"

ఎర్మన్నో గోడకి వేలాడుతున్న మరమేకుల డబ్బాల వైపు శ్రద్ధగా చూశాడు. నీవెస్ చేతి తొడుగులు సర్దుకుంది.

లోపలినుంచి కాఫీ కప్పులతో వచ్చిన తుల్లియో భార్య పాల్మిరా అంతా విననే విన్నది. "ఇలాంటి పెళ్ళాం దొరికినందుకు నువ్వు రోజూ చర్చిలో కొవ్వొత్తి వెలిగించాలిరా ఎర్మన్నో! మంచిదేదైనా మొగుడికే ఇస్తుంది. మా ఇంట్లో అయితే చివరి మొక్కజొన్న పొలెంటా ముక్కకి కూడా ఈయనా నేనూ పోట్లాడుకుంటాం."

"నువ్వు గెలుస్తావుగా," అన్నాడు తుల్లియో.

"మీరు నెమ్మదిగా తింటారు మరి. అమ్మాయ్, నా మాట విను. త్యాగాలు ఇంట్లో చేసుకో, కొండ మీద కాదు."

"త్యాగం కాదు పిన్నీ. నాకు గేటు దాటాలని ఉంది," అంది నీవెస్. కాఫీ తాగేసి, ఎర్మన్నో బూట్లు తనే తీసి బల్ల మీద పెట్టింది. "ఈ కొలతకి వెయ్యండి."

తుల్లియో తల అడ్డంగా ఊపుతూ డ్రిల్లు ఆన్ చేశాడు.

ఆదివారం కనుమ మీద పొగమంచు కమ్మేసింది. తుల్లియో గేటు దగ్గర వాచీ చూసుకుంటూ, వచ్చిన జంటని వచ్చినట్టు లోపలికి పంపిస్తున్నాడు. ఏ జంటని చూసినా ఒకటే వరస. ముందు మొగుడు, అతని నడుముకి కట్టిన సాగే తాడు, ఆ తాడు రెండో కొసని పెళ్ళాం. నిటారు ఎక్కుడులో బలమున్నవాళ్ళు లేనివాళ్ళని అలా లాక్కుని రావడం అక్కడ మామూలే.

తొమ్మిదీ ఇరవై ఎనిమిది. ఎర్మన్నో వాళ్ళ జాడ లేదు.

"చెబితే వినలేదు ఆ పిల్ల," అని గొణుక్కున్నాడు తుల్లియో.

ఇరవై తొమ్మిది. మంచులో కింద రెండు ఆకారాలు కదిలాయి. ఇద్దరివీ ఒకే రంగు బిగుతు బట్టలు, హెల్మెట్లు, సగం మొహాన్ని కప్పేసిన కళ్ళద్దాలు. మధ్యలో తాడు తీగలా బిగుసుకుని ఉంది. ముందున్న ఆకారం నడుం వంచి, కర్రలు కసిగా గుచ్చుతూ ఎక్కుతోంది. వెనక ఆకారం తూలుతోంది. పొగమంచు కాస్త విడి, ముందు మనిషి తొడ మీది అంకె ఒక్క క్షణం కనబడింది. వాళ్ళ అంకే.

తుల్లియో వాచీ సంగతి, చుట్టరికాల సంగతి మరిచిపోయి గొంతు చించుకుని అరిచాడు. "ఎర్మన్నో! ఇరవై సెకన్లే ఉన్నాయిరా! లాగు! ఆ పిల్లని ఇంకొంచెం లాగరా!"

ముందున్న మనిషి గేటు గీత దాటి, వెనక మనిషిని కూడా తాడుతో ఇవతలికి ఈడ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది.

"లాగుతూనే ఉన్నాను బాబాయ్," అంది నీవెస్.