కళ్ళు తెరిచినవాడు

గొంతు వస్తోంది. బొమ్మ రావడం లేదు.

"కళ్ళు మూసుకోండి. చేతులెత్తండి. నేను చెప్పేదాకా ఎవరూ కళ్ళు తెరవకండి." అంటూ డాలీ వాళ్ళన్న, చర్చిలో ప్రార్థన చేయించే షాలోమ్ గొంతు ల్యాప్‌టాప్‌లోంచి ఖంగుమంటోంది. తెర మాత్రం అమావాస్య.

"నీ మొహం మండా!" అని డాలీ దాని మూత మీద ఒక్కటిచ్చింది.

అది చర్చి ల్యాప్‌టాప్. ముసలిది. విండోస్ మోయలేక చతికిలబడితే, పాలిటెక్నిక్ చదివిన డాలీయే అందులో లినక్స్ వేసింది. ఆదివారాలు పాటల వీడియోలు గోడ మీద చూపించడానికి మీడియా సాఫ్ట్‌వేర్ పెట్టింది. మొన్న అప్‌డేట్ చేశాక గ్రాఫిక్స్ డ్రైవర్ అలిగి కూర్చుంది.

ఇంకెప్పుడైనా అయితే పోనీలే అనుకునేది. ఇప్పుడు ఊరి కొండంతా ఆ బొమ్మలోనే ఉంది.

కాఫీ తోటలున్న కొండను క్వారీకి ఇమ్మని అడిగారు. ఇవ్వం అని చెప్పడానికే ఊరంతా చర్చి హాల్లో సభ పెట్టుకుంది. ముందుగా ప్రార్థన. అలవాటు ప్రకారం అందరూ కళ్ళు మూసుకుని చేతులు పైకెత్తారు. సరిగ్గా అప్పుడే క్వారీ మనిషి ఒకడు గుమ్మంలోంచి ఫోటో కొట్టుకుపోయాడు. 'కొండ ఇవ్వడానికి చేతులెత్తి ఒప్పుకున్న గ్రామస్తులు' అని ఆ ఫోటో పాడేరులో అధికారుల దగ్గరికి చేరింది. దేవుడి కోసం ఎత్తిన చేతులతోనే కొండ పోయేలా ఉంది.

వాడు బయటివాడు, సరే. ఇప్పుడు తియ్యమని వాడికి లోపలినుంచి సైగ చేసిందెవరు? కళ్ళు మూసుకోనివాడే చేసుండాలి. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళలో మామూలుగా చర్చికి రానివాడు, కొండదేవతకు మొక్కేవాడు ఒక్కడే. సోంబరు.

ఊరికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. సోంబరు తోటలో కోతకి ఒక్కరూ వెళ్ళలేదు. కాఫీ పళ్ళు చెట్టునే నల్లబడుతున్నాయి. అందరికంటే డాలీకి ఎక్కువ మండింది. చిన్నప్పుడు సంతకి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళిన మావ! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

అదృష్టం కొద్దీ, పిల్లల స్వాగతగీతం తీయడానికి కిటికీలో పెట్టిన చర్చి కెమెరాని ఆ రోజు ఆపడం మరిచిపోయారు. ఆ సంగతి డాలీ మెమరీ కార్డు తీసి చూసేదాకా ఎవరికీ తెలీదు. దాని వీడియో ఫోన్లలో తెరుచుకోలేదు. మిగిలింది ఈ ముసలి ల్యాప్‌టాప్.

"ఆ కార్డిలా ఇయ్యి. పాడేరు స్టూడియోలో సూపించి తెత్తాను" అన్నాడు షాలోమ్. అమ్మానాన్న పోయాక డాలీని పెంచింది అతనే.

"వద్దన్నా. నువ్వు మెతక మనిషివి. సోంబరు మావ దార్లో కాళ్ళట్టుకుంటే ఇచ్చేత్తావు."

"పోనీ, ఒగ్గేద్దాం డాలీ. ప్రభువు క్షమించమన్నాడు కదేటి."

"కొండ పోయాక క్షమిద్దాంలే."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. డాలీ మాత్రం డ్రైవర్ వేసి పడతానంది.

ల్యాప్‌టాప్‌లోని పాత గ్రాఫిక్స్ కార్డుకి పాత డ్రైవరే కావాలి. అది దించుకోవాలంటే సిగ్నల్ కావాలి. ఆ సిగ్నల్ ఊరి మొత్తానికి సోంబరు తోటలోని బండ మీదే దొరుకుతుంది. ఏం కర్మ! దొంగని పట్టడానికి దొంగ తోటలోనే నిలబడాలి.

పొద్దున్నే ఎక్కింది. ఫోన్‌లోకి ఫైలు నత్తలా దిగుతోంది. ఇంతలో అకాల వాన. సోంబరు ఆకుల గిడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"తడిసిపోతన్నావు గుంటా! ఏటి సేత్తన్నావిక్కడ?"

"నీ బండారం బయటెట్టడానికొచ్చాను."

సోంబరుకి కోపం రాలేదు. "బేగి ఎట్టమ్మా. నా పళ్ళు రాలిపోతన్నాయి" అన్నాడు. డాలీ మొహం తిప్పుకుంది. ఫైలు పూర్తిగా దిగేదాకా, మధ్యాహ్నం వరకూ, ఆయన ఆమె నెత్తి మీద గిడుగు పట్టుకునే ఉన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ లేదు. పొద్దున వెళ్ళేటప్పుడు బల్ల మీదే ఉంది.

"ఇంకెవడు, సోంబరు మావే!" అని డాలీ ఏడ్చినంత పని చేసింది. షాలోమ్ ఆమె తల నిమిరాడు. "దేవుడికి ఇష్టం లేదేమో డాలీ, ఒగ్గెయ్" అన్నాడు.

వదలలేదు. బడి టీచరు నిర్మల దగ్గర అలాంటి ఛార్జరే ఉంటే అడిగి తెచ్చింది. కొత్త డ్రైవర్ పీకేసింది. పాతది ఎక్కించింది. ఆపి మళ్ళీ వెలిగించింది. తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. అప్పుడు, హమ్మయ్య, తెర వెలిగింది. మీడియా సాఫ్ట్‌వేర్‌లో పాత పాటొకటి పెట్టి చూస్తే బొమ్మ నీళ్ళలా కదిలింది. సభ వీడియో మాత్రం ముట్టుకోలేదు. ఊరంతా కలిసే చూడాలి దాన్ని.

పొద్దుగూకే వేళకి ఊరు ఊరంతా హాల్లో కూర్చుంది. సోంబరు గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. "లైట్లు ఆపుతాను" అని షాలోమ్ లేచి స్విచ్‌బోర్డు దగ్గరికెళ్ళాడు. ఎందుకో అతని చెయ్యి దాని మీదే ఆగిపోయింది.

"బేగి ఆపన్నా! దొంగ మొహం అందరూ సూడాల" అంది డాలీ. ముందు వరుసలో ఎవరో లేచి లైట్లు ఆపేశారు. డాలీ మీట నొక్కింది.

"...నేను చెప్పేదాకా ఎవరూ కళ్ళు తెరవకండి" అని గొంతు ఖంగుమంది, ఈసారి బొమ్మ కూడా వచ్చింది.

గోడ నిండా ఎత్తిన చేతులు, మూసిన కళ్ళు, మూలన తల వంచుకుని తన పాదాలకేసి చూసుకుంటున్న సోంబరు, వాళ్ళందరికీ ఎదురుగా మైకు పట్టుకుని, రెండు కళ్ళూ తెరుచుకుని, గుమ్మం వైపు 'తియ్, తియ్' అని వేళ్ళు ఆడిస్తున్న అన్న.