చిలుక జలుబు

"పది రోజులుగా ముక్కు ఎగబీలుస్తోంది," అంది హిమజ హిందీలో, సాల్ట్ లేక్‌లోని పక్షుల డాక్టరు బల్లమీద పంజరం పెడుతూ. "జలుబేమోనని వాము మూట కూడా కట్టాను."

డాక్టరు ఆ మూటను విప్పి పక్కన పడేశాడు. చిలుకను తువ్వాలులో పట్టుకుని ముక్కు రంధ్రాల్లోకి టార్చి వేశాడు. ఊపిరి విన్నాడు, బరువు తూచాడు, రెట్ట ఏ రంగులో ఉంటోందో అడిగాడు.

"ముక్కు పొడిగా ఉంది. బరువూ తగ్గలేదు. ఈ చప్పుడు ఎప్పుడు చేస్తుంది?"

"సాయంత్రం, నేను ఆఫీసు నుంచి వచ్చాక."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"అదీ నేనూ. అంతే."

పంజరంలోకి వదలగానే చిలుక ఒళ్ళు దులుపుకుంది. మెడ వంచి, అచ్చం హిమజ గొంతుతో తెలుగులో మాట్లాడింది.

"తిన్ననమ్మా. మస్తు మంది దోస్తులున్నరు ఈడ. మంచిగనే ఉన్న. ఇగ ఫోన్ పెట్టేస్తున్న."

కాసేపు ఆగింది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చడం మొదలుపెట్టింది. ఒకసారి, ఇంకోసారి, మధ్యలో ఒక వెక్కు, మళ్ళీ ఆగి ఆగి చాలాసేపు.

అది ఎవరి చప్పుడో హిమజకు అప్పుడు తెలిసింది. గబగబా పంజరం మీద గుడ్డ కప్పింది.

డాక్టరుకు తెలుగు రాదు. "ఏమంటోంది?" అని అడిగాడు.

"బాగానే ఉన్నానంటోంది."

"నిజమే. దానికి ఏ జబ్బూ లేదు," అన్నాడు డాక్టరు, హిమజ ముఖంలోకి చూస్తూ.